నాలుగైదు వందల డాలర్ల బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను డీర్ వేటకు నమ్మొచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: డాలస్ దగ్గర ఉంటున్నారు, గ్రీన్ కార్డ్ వచ్చింది. ఈ నవంబర్‌లో ఆఫీసు స్నేహితుడితో ఆయన లీజుకు (వేట కోసం అద్దెకు తీసుకున్న భూమికి) డీర్ వేటకు వెళ్లాలనుంది. అన్నీ కలిపి వెయ్యి డాలర్లు దాటకూడదు. నాలుగైదు వందలు పెట్టి రైఫిల్ కొంటే సమయానికి మొరాయిస్తుందేమోనని అనుమానం. స్నేహితుడేమో టిక్కా (ఇంకా ఖరీదైన ఫిన్లాండ్ రైఫిల్) కన్నా తక్కువది కొననే కొనొద్దు అంటున్నాడు. ఇంకొకాయన తన పాత రెమింగ్టన్ 770 రైఫిల్‌ను స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) సహా రెండు వందలకు ఇస్తానన్నాడు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఇవాళ ఆ ధరలో దొరికే కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ బోల్ట్ అనే పిడిని చేత్తో లాగి తోసేది) డీర్ వేటకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. డబ్బు మిగుల్చుకోడానికి కంపెనీలు కోత పెట్టింది బ్యారెల్ మీదా, బోల్ట్ మీదా కాదు. స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే చట్రం) మీద, మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) మీద, ప్యాకేజీలో అంటగట్టే స్కోప్ మీద. ఇబ్బంది పెట్టేవి కూడా దాదాపు ఎప్పుడూ అవే. ఆ మూడింటినీ సీజన్‌కు ముందే మీరే పరీక్షించుకోవచ్చు. 770 సంగతి చివర్లో చెబుతాను.

చాలా ఏళ్లుగా టెక్సస్‌లో వేటాడుతున్నాను. అక్టోబర్ వచ్చిందంటే మనవాళ్లు కొత్తగా కొన్న రైఫిళ్లు పట్టుకుని సైట్ చేసిపెట్టమని, అంటే స్కోప్ గురి కుదర్చమని వస్తుంటారు. చౌకవీ, ఖరీదైనవీ రెండూ చేతిలోంచి వెళ్తుంటాయి కాబట్టి ఈ మాట నమ్మకంగా అంటున్నాను.

చౌక రైఫిల్ అంటే గురి ఉండదన్న మాట వెనక ఒక కారణం ఉండేది. బోల్ట్ యాక్షన్ తయారీలో అసలు కష్టం హెడ్‌స్పేస్ కుదర్చడం. బోల్ట్ మూశాక దాని ముఖానికీ, ఛాంబర్లో తూటా ఆనుకుని ఆగే చోటుకీ మధ్య దూరం కచ్చితంగా ఉండాలి. ఎక్కువైతే ఇత్తడి కేసు సాగి చిట్లుతుంది, తక్కువైతే బోల్ట్ మూసుకోదు. వెనకటికి దీన్ని నిపుణుడైన పనివాడు అరగదీసి కుదిర్చేవాడు, ఖర్చులో పెద్ద భాగం ఆ చేతిపనిదే. 1958లో వచ్చిన సావేజ్ 110లో నికొలస్ బ్రూయర్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఛాంబర్లో గేజ్ పెట్టి, బోల్ట్ మూసి, బ్యారెల్‌ను గేజ్‌కు తగిలేదాకా తిప్పి, ఒక పెద్ద నట్టుతో బిగించేయడమే. అరగదీసే పనే లేదు. బోల్ట్ తల విడిగా, కాస్త కదిలేలా ఉంటుంది కాబట్టి రెండు లగ్గులూ (బోల్ట్‌ను మూసి పట్టి ఉంచే పళ్లు) తమంతట తామే సమంగా ఆనుకుంటాయి. చౌకగా చేసినా గురి బాగుంటుందని సావేజ్‌కు పేరొచ్చింది దీనివల్లే. ఆ తర్వాత రూగర్ అమెరికన్, రెమింగ్టన్ 783 కూడా ఆ నట్టు దారే పట్టాయి.

దానికి కంప్యూటర్‌తో నడిచే మిషన్లు తోడయ్యాయి. రూగర్ తన బ్యారెల్‌ను హ్యామర్ ఫోర్జింగ్‌లో చేస్తుంది. ఉక్కు గొట్టం లోపల రైఫ్లింగ్ (తూటాను తిప్పే మెలి గాడులు) అచ్చు ఉన్న కమ్మీ దూర్చి, బయటి నుంచి సుత్తులతో గట్టిగా కొడితే లోపల గాడులు అచ్చుగుద్దినట్టు పడతాయి. మిషన్ ఖరీదు ఎక్కువే గానీ, ఒకసారి పెట్టాక బ్యారెల్ మీద బ్యారెల్ ఒకేలా వస్తుంది. సావేజ్ ఎడ్జ్ 2010లో వచ్చి మరుసటి ఏడాదికల్లా యాక్సిస్ అయింది. ఆ వెంటనే రూగర్ అమెరికన్, 2015లో మాస్‌బర్గ్ పేట్రియట్, విన్‌చెస్టర్ ఎక్స్‌పీఆర్ వచ్చాయి. ఇంత పోటీలో గురి లేని బ్యారెల్ పెట్టి ఎవరూ నిలబడలేరు.

ఇక మీకు ఎంత గురి కావాలో లెక్క వేద్దాం. గురిని ఎంఓఏ అనే కోణంతో కొలుస్తారు. 100 గజాల దూరంలో ఒక ఎంఓఏ అంటే 1.047 అంగుళాలు. వైట్‌టెయిల్ డీర్ ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. ఒకటిన్నర ఎంఓఏ కొట్టే రైఫిల్ 200 గజాల్లో మూడు అంగుళాల్లో తూటాలన్నీ పెడుతుంది. మీరు కూర్చోబోయేది బ్లైండ్‌లో (దాక్కునే చిన్న గదిలో), ఫీడర్ (జంతువులకు మేత వేసే డబ్బా) ఉండేది సాధారణంగా 100 గజాల చుట్టుపక్కల. అక్కడ రైఫిల్ గురి కన్నా మీ గుండె దడే పెద్ద సమస్య అవుతుంది.

ఇంకో మాట. మూడు తూటాలు కొట్టి, అర అంగుళంలో పడ్డాయని ఫోటో పెట్టేవాళ్లను చూసి నిరుత్సాహపడకండి. మూడు తూటాల గ్రూపులో అదృష్టం పాలు చాలా ఉంటుంది. ఒకే గుర్తు మీద పది తూటాలు కొట్టండి. రెండు మూడు కొట్టాక బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి, ఎందుకంటే ఈ రైఫిళ్ల బ్యారెళ్లు సన్నం, తొందరగా వేడెక్కుతాయి. ఆ పదీ రెండు అంగుళాల్లో పడితే మీ రైఫిల్ వేటకు సిద్ధం. అర అంగుళం ఫోటో కన్నా ఈ పది రంధ్రాల కాగితమే మీకు నిజం చెబుతుంది.

ఇప్పుడు అసలు చూడాల్సిన చోటుకి వద్దాం. మొదటిది స్టాక్. ఈ ధరలో అన్నీ అచ్చులో పోసిన ప్లాస్టిక్ స్టాకులే. బరువు తక్కువ, వానకు ఉబ్బవు, ఆ రెండూ మంచివే. చిక్కంతా ఫోరెండ్‌లో, అంటే బ్యారెల్ కింద ఉండే ముందు భాగంలో. అది లోపల గుల్లగా, పల్చగా ఉంటుంది. బ్యారెల్ దేనికీ తగలకుండా గాల్లో ఉన్నప్పుడే ప్రతి తూటాకూ ఒకేలా కంపిస్తుంది. ఫోరెండ్ వంగి ఒక పక్క తగిలిందా, ఆ కంపనం మారిపోతుంది, తూటా పక్కకు పోతుంది. రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి, ఒక డాలర్ నోటును బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య దూర్చి రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు భాగం) దాకా జరపండి. ఎక్కడా పట్టుకోకుండా జారాలి. జారింది కదాని ఊరుకోకండి. నోటు అక్కడే ఉంచి, రైఫిల్‌ను ఇసుక సంచి మీద మీరు గురి పెట్టే తీరులోనే ఆనించి, పైనుంచి మామూలు బరువు వేసి మళ్లీ లాగి చూడండి. చాలా యాక్సిస్‌లలో నోటు ఇరుక్కునేది ఇప్పుడే. ఫోరెండ్ కొసకు బైపాడ్ (రెండు కాళ్ల ఊతం) తగిలించి ముందుకు నెట్టేవాళ్లకైతే ఇంకా ఎక్కువ.

దీనికి వందల డాలర్ల మందు అక్కర్లేదు. ఇసుక సంచిని ఫోరెండ్ కొస కింద కాకుండా మ్యాగజైన్‌కు కాస్త ముందు పెట్టండి, అక్కడ స్టాక్ గట్టిగా ఉంటుంది. బ్లైండ్ కిటికీ మీద ఆనించేటప్పుడూ అదే చోటు. బైపాడ్ వద్దు. అయినా తగులుతుంటే గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి ఫోరెండ్ లోపలి గాడిని కొద్దిగా అరగదీస్తే సరిపోతుంది. తర్వాతెప్పుడైనా చేతిలో డబ్బుంటే బాయ్డ్స్ లాంటివాళ్లు చేసే లామినేట్ చెక్క స్టాక్ వేయించుకోవచ్చు. ఇంకా, స్టాక్‌ను రిసీవర్‌కు పట్టి ఉంచే రెండు స్క్రూలను కంపెనీ మాన్యువల్‌లో రాసిన టార్క్‌కే (తిప్పే బలానికే) బిగించండి. రేంజ్‌లో "ఈ రైఫిల్ రోజుకో చోట కొడుతోంది" అని తలపట్టుకున్నవాళ్లలో చాలామందికి ఈ రెండు స్క్రూలు బిగించగానే జబ్బు నయమైంది. ఈ విషయంలో రూగర్ అమెరికన్ ఒక అడుగు ముందుంది. స్టాక్ లోపల వి ఆకారపు లోహపు దిమ్మెలు పోసి, రిసీవర్ వాటి మీద కూర్చునేలా చేశారు. ఈ ధరలో అది గొప్ప సంగతి.

రెండోది మ్యాగజైన్. తూటా పేలకపోవడం బోల్ట్ యాక్షన్‌లో అరుదు. తూటా ఎక్కకపోవడం, మ్యాగజైన్ ఊడి కింద పడిపోవడం మాత్రం నేను చూసిన మొరాయింపుల్లో ఎక్కువ భాగం. ప్లాస్టిక్ మ్యాగజైన్, ప్లాస్టిక్ గొళ్లెం. కొత్త రైఫిల్ తేగానే మీ క్యాలిబర్‌కు సరిపడే డమ్మీ తూటాలు కొనండి. మందు, ప్రైమర్ (మందును అంటించే మూత) లేనివి, గన్ షాపులన్నిటిలో దొరుకుతాయి. మ్యాగజైన్ నిండా వేసి బోల్ట్‌ను నెమ్మదిగా ఆడించండి, తర్వాత వేగంగా, తర్వాత రైఫిల్‌ను ఒక పక్కకు వంచి. ప్రతి తూటా నిటారుగా ఛాంబర్లోకి వెళ్లాలి, లాగితే బయటకు ఎగరాలి. కొందరు బోల్ట్‌ను సగమే వెనక్కి లాగి మళ్లీ తోస్తారు. అప్పుడు ఏ రైఫిల్ అయినా ఇరుక్కుంటుంది, తప్పు రైఫిల్‌ది కాదు. బోల్ట్ ఆగేదాకా గట్టిగా లాగడం చేతికి అలవాటు కావాలి. తర్వాత బోల్ట్ మూసి ఉండగా నిండు మ్యాగజైన్ పెట్టి చూడండి. కొన్నిట్లో పై తూటా బోల్ట్‌కు తగిలి గొళ్లెం పూర్తిగా పడదు. పడినట్టే కనిపిస్తుంది, నాలుగడుగులు వేయగానే గడ్డిలో మ్యాగజైన్ ఉండదు. పెట్టాక కిందికి ఒకసారి లాగి చూడడం ఆనవాయితీ చేసుకోండి. ఒక స్పేర్ మ్యాగజైన్ కొనిపెట్టుకోండి.

బోల్ట్ గరగరలాడటాన్ని చూసి చాలామంది నాణ్యత లేదనుకుంటారు. టిక్కా బోల్ట్ వెన్నలా జారుతుంది, యాక్సిస్ బోల్ట్ గీసుకుంటూ పోతుంది. నిజమే. కానీ గరుకుకూ నమ్మకానికీ సంబంధం లేదు. టీవీ ముందు కూర్చుని ఖాళీ రైఫిల్ బోల్ట్‌ను పదేపదే ఆడిస్తే, లగ్గుల వెనక చుక్క గ్రీజు రాస్తే, నెలలో చాలావరకు సాఫీ అవుతుంది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, స్కోప్. రైఫిల్, స్కోప్ కలిపి ఒకే పెట్టెలో అమ్మే ప్యాకేజీల్లో కంపెనీ కనీస ధర స్కోప్ పెట్టి, షాపులోకి చేర్చేలోగా ఎవరో హడావుడిగా బిగిస్తారు. పెట్టెలోంచి తీసి సరాసరి రేంజ్‌కు వెళ్లకండి. స్కోప్ ఊడదీసి, స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు నూనె లేకుండా తుడిచి, అంగుళం-పౌండ్ల టార్క్ డ్రైవర్‌తో మళ్లీ బిగించండి. రింగులకు మామూలుగా 15 నుంచి 18 దాకా చాలు, మీ రింగుల కాగితంలో ఏముందో అదే ప్రమాణం. బిగించాక ప్రతి స్క్రూ తల మీంచి రింగు మీదికి గోళ్ల రంగుతో సన్న గీత గీయండి. ఎప్పుడైనా గురి తప్పిందనిపిస్తే ముందు ఆ గీతలు చూడండి. గీత విరిగిందంటే స్క్రూ తిరిగిందన్నమాట, రైఫిల్‌ను తిట్టక్కర్లేదు. అవన్నీ సరిగ్గా ఉండీ గురి కదులుతుంటే స్కోప్ లోపలే ఏదో వదులైంది. అలాంటి స్కోప్‌తో వేటకు వెళ్లొద్దు. గాయపడి పొదల్లోకి పారిపోయిన జంతువును చీకట్లో టార్చ్‌తో వెతకడం కన్నా బాధాకరమైన పని వేటలో లేదు. మనం నాణ్యత గురించి ఇంతగా మాట్లాడుకోవడం కూడా దానికోసమే.

అందుకే వెయ్యి డాలర్లు ఇలా పంచండి: రైఫిల్‌కు 450, 500. స్కోప్, రింగులకు 250 దాకా. మిగిలింది తూటాలకూ, రేంజ్ ఫీజుకూ. లూపోల్డ్ విఎక్స్ ఫ్రీడమ్, వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ లాంటి 3-9 జూమ్ స్కోప్ చాలు. టిక్కా కొని, డబ్బుల్లేక నాసిరకం స్కోప్ పెట్టి, ఒక్క పెట్టె తూటాలు కాల్చి అడవికి వెళ్లేవాడి కన్నా, యాక్సిస్ మీద మంచి స్కోప్ పెట్టి ఐదారు పెట్టెలు కాల్చినవాడే శుభ్రంగా కొడతాడు. టిక్కా చెడ్డదని కాదు. ఫిన్లాండ్‌లో సాకో చేసే ఆ రైఫిల్ అంటే నాకూ ఇష్టమే. కానీ మీ బడ్జెట్‌లో అది స్కోప్ డబ్బులు తినేస్తుంది.

ఏది కొనాలంటే, నేనైతే ముందు రూగర్ అమెరికన్ చూస్తాను. జెన్ 2 (రెండో తరం) వచ్చాక మొదటి తరం మోడల్ తక్కువకు దొరికితే ఇంకా మంచిది. రెండోది సావేజ్ యాక్సిస్ 2. పేరు చివర ఆ 2 ఉండాలి, అప్పుడే సర్దుకోగలిగే ఆక్యుట్రిగ్గర్ వస్తుంది. ఒట్టి యాక్సిస్ ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, కొత్తవాళ్లు దాన్ని లాగే ప్రయత్నంలో రైఫిల్‌నే కదిలిస్తారు. వాడినదైనా ఫరవాలేదంటే వెదర్‌బీ వాన్‌గార్డ్ కోసం కళ్లు తెరుచుకుని ఉండండి. జపాన్‌లో హోవా చేసే యాక్షన్, ఫోర్జ్ చేసిన రిసీవర్, రీకాయిల్ లగ్ (వెనక్కి తన్నే దెబ్బను స్టాక్‌కు అందించే దిమ్మ) అందులోనే కలిసి ఉంటుంది. బరువు కాస్త ఎక్కువే, బ్లైండ్‌లో కూర్చునేవాడికి బరువుతో పేచీ లేదు. క్యాలిబర్ 6.5 క్రీడ్‌మోర్ గానీ .308 విన్‌చెస్టర్ గానీ తీసుకోండి. తేలికపాటి చౌక రైఫిల్‌లో .300 మాగ్నమ్ జోలికి వెళ్లకండి, భుజం అదిరి రెండో రోజు నుంచే కళ్లు మూసుకుని కాల్చడం మొదలుపెడతారు. తూటాలు రెండు మూడు బ్రాండ్లు ఒక్కో పెట్టె కొని, మీ బ్యారెల్‌కు ఏది నచ్చిందో చూసి, దాన్నే నాలుగు పెట్టెలు కొనండి. ఒక రైఫిల్‌లో రెండంగుళాలు పరిచిన తూటా పక్క రైఫిల్‌లో ఒకే అంగుళంలో పడటం మామూలే.

ఎంతకాలం మన్నుతుందని కూడా అడిగారు. .308 బ్యారెల్ వేల తూటాలు తట్టుకుంటుంది. మీరు ఏడాదికి వంద కాల్చినా మీ పిల్లలు కూడా వాడుకోవచ్చు. దాన్ని చంపేది వాడకం కాదు, తుప్పు. చౌక రైఫిళ్ల మీద ఉండే ఆ మసక నల్లరంగు చెమటను పట్టి ఉంచుతుంది. హ్యూస్టన్ వైపు గాలిలో అయితే మరీను. ఇంటికి రాగానే నూనె గుడ్డతో తుడవండి, స్పాంజి ఉన్న కేసులో పెట్టి నెలల తరబడి వదిలేయకండి.

ట్రిగ్గర్, సేఫ్టీల విషయంలో ధర చూసి ఎవరినీ నమ్మొద్దు, ఖరీదైనదాన్ని కూడా. ఎంతో పేరున్న రెమింగ్టన్ 700లోని ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లను, 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా చేసినవాటిని, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది. కొత్తదైనా పాతదైనా, ఖాళీ రైఫిల్‌తో ఇలా చూడండి. బోల్ట్‌ను గట్టిగా పదిసార్లు కొట్టి మూయండి, ఒక్కసారి కూడా ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) పడకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి, వదిలి, తర్వాత సేఫ్టీ తీయండి, అప్పుడూ పడకూడదు. సేఫ్టీ లేకుండా, బ్యారెల్ నోరు సురక్షితమైన వైపు ఉంచి, బట్‌ను (స్టాక్ వెనక కొసను) అరచేత్తో గట్టిగా చరచండి. పడిందంటే ఆ రైఫిల్‌లో తూటా వేయొద్దు, గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

కాగితాల మాట. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి మీరు కొనొచ్చు, షాపులో 4473 ఫారం నింపితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. ఇది చదివే మిగతా మనవాళ్ల కోసం ఇంకో మాట: హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకీ కొనడాన్నే కాదు, దగ్గర ఉంచుకోవడాన్ని కూడా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ రేంజ్‌లో పట్టుకోవడానికి ముందే ఇది చూసుకోండి, సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది కాబట్టి కోర్సు సెప్టెంబర్‌లోనే కానిచ్చేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే లాకర్ మొదటి రోజే కొనండి. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి నింపిన తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం.

ఇక ఆ 770. దాని ముందుది 710, 2001లో వచ్చింది, రిసీవర్ లోపల నైలాన్ తొడుగు, మరతో కాకుండా నొక్కి దిగేసిన బ్యారెల్. 770 దానికి తమ్ముడే. బ్యారెల్ పాడైతే మార్చుకోలేరు, బోల్ట్ చాలావాటిలో మొండిగా ఇరుక్కుంటుంది. 2020లో పాత రెమింగ్టన్ దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది, కాబట్టి రేపు ఏదైనా విరిగితే కంపెనీ చూసుకుంటుందన్న ధీమా కూడా లేదు. ఆ కంపెనీయే 2013లో 783ని పూర్తిగా కొత్త డిజైన్‌తో తెచ్చింది. రెండు వందలకే ఇస్తానన్నది 783 అయ్యుంటే పైన చెప్పిన పరీక్షలు చేసి తీసుకోమనేవాణ్ని. 770 అయితే ఊరికే ఇచ్చినా వద్దంటాను. ఆయనకు మర్యాదగా చెప్పేసి, ఆ రెండు వందలు స్కోప్ కోసం దాచుకోండి.